తల ముట్టి లెక్కపెట్టే మావ

మా మావ పోయాడన్న కబురు నాకు ఆఫీసు లిఫ్టులో అందింది. లిఫ్టులో ఫోను సరిగ్గా వినపడదు. అత్త మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "అమ్మీ... పొద్దున్నే... గ్రౌండుకి ఎల్లడానికి బూట్లు ఏసుకుంటా... మీ మావ లేడు లా."

మలేసియాలో పుట్టి పెరిగిన మాకు మాట చివర ఆ 'లా' తగిలించడం ఊపిరి తీసుకున్నంత అలవాటు. టీ తాగు లా, వాన వచ్చింది లా. చావు కబురుకి కూడా అది తగులుకునే వస్తుందని ఆ పొద్దున తెలిసింది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. నేను దిగలేదు. మూసుకున్నాయి. మళ్లీ కిందికి వచ్చేశాను.

ఒక బూటు వేసుకున్నాడట. రెండో బూటు తాడు బిగిస్తూ గుమ్మం మెట్టు మీదే పక్కకి ఒరిగిపోయాడట. అత్త కాఫీ గ్లాసుతో వచ్చేసరికే అయిపోయింది.

మన తెలుగు సంఘం పత్రికకి మావ గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలకేం, కావలసినన్ని ఉన్నాయి. వాటి మధ్యలో ఒక చెడ్డమాట కూడా ఉంది. అది ఆయన గురించి కాదు, నా గురించి. దాన్ని పక్కన పెట్టి రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ ఆ కాగితంలో మావ కనపడలేదు, ఎవరో దండ వేసిన ఫొటో కనపడింది. అందుకని అన్నీ కలిపే రాస్తున్నాను.

మావ అంటే మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. బాగన్ దాతుక్‌లో కొబ్బరి తోట కూలీల లైను ఇళ్లలో పుట్టాడు, అక్కడే ఉన్నాడు. తోట స్టోరులో గుమాస్తాగా మొదలుపెట్టి, చివరికి తెలుక్ ఇంటాన్‌లో ఒక చిన్న కాలేజీకి అమ్మాయిల హాకీ కోచ్ అయ్యాడు. ఏ పరీక్షా ప్యాసై కాదు. ఆ కాలేజీకి కోచ్ దొరకలేదు, మావకి ఆట తప్ప ఇంకో ధ్యాస లేదు. ఇరవై ఏళ్లకి పైగా రోజూ మోటార్ సైకిల్ మీద వెళ్లి వచ్చాడు. వానైతే ప్లాస్టిక్ కోటు, ఎండైతే అదే కోటు మడిచి సీటు కింద.

మా చిన్నప్పుడు హాకీ కర్రలు కొనేవాళ్లం కాదు. కొబ్బరి మట్ట మొదలు దగ్గర వంపు చూసి, మావ కత్తితో చెక్కి ఇచ్చేవాడు. తోట మధ్య ఉన్న గ్రౌండులో గడ్డి కింద కొబ్బరి వేళ్లు. బంతి ఎటు దూకుతుందో బంతికే తెలియదు. నాకు ఒకసారి మూతి మీద తగిలి పెదవి చిట్లింది. ఏడుస్తూ నేలని తిట్టాను. మావ నవ్వి, లుంగీ అంచుతో రక్తం తుడిచి అన్నాడు: "ఓలె గుంటా, బంతి ఎగిరితే బూవినేటి తిడతావు? మోకాళ్లు వొంచు. వొంగిన దానికి దెబ్బ తగల్దు."

ఆ మాట నాకు చదువులోనూ పనికి వచ్చింది, ఉద్యోగంలో మరీ పనికి వచ్చింది. ఎక్కువగానే పనికి వచ్చిందేమో అని ఇప్పుడు అనుమానం. వంగడం బాగా నేర్చుకున్నాను.

మావ దగ్గర ఈల ఉండేది కాదు. చప్పట్లు కొట్టి పిలిచేవాడు. ఆట అయ్యాక ఉడకబెట్టిన కర్రపెండలం, పైన కొబ్బరి కోరు, కొంచెం పంచదార. తెలుగు పిల్ల, తమిళ పిల్ల, మలయ్ పిల్ల, చీనా పిల్ల, అందరూ ఒకే డబ్బాలో చేతులు పెట్టేవాళ్లు. వేరే ఊరు ఆటకి వెళ్లేటప్పుడు కాలేజీ వ్యాను తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టి ఎక్కించేవాడు. వచ్చేటప్పుడూ అంతే. పేర్లు పిలవచ్చు కదా కోచ్, జుట్టు చెదిరిపోతోంది అని పిల్లలు గోల పెట్టేవాళ్లు.

"పేరు పిలిస్తే పక్కది పలుకుతాది. తల ముట్టుకుంటే తల ఉన్నట్టే లెక్క," అనేవాడు.

ఒకసారి ఒక పిల్ల గ్రౌండులోనే ఉండిపోతే మరో పిల్ల ఆమె బదులు "ప్రెజెంట్" అనేసిందట, సగం దారిలో తెలిసిందట. అప్పటినుంచి ఈ పద్ధతి. పెళ్లిళ్లలో భోజనాల పంక్తి కూడా అలాగే లెక్కపెట్టేవాడు. పెద్దవాళ్ల తల ముట్టకూడదు కాబట్టి భుజం ముట్టేవాడు. లైను ఇళ్లలో అందరికీ ఆయన చెయ్యి అలవాటే.

ఇంకొక్క అలవాటు చెప్పాలి. అది ఆయన ఒక్కడిది కాదు, మా అందరిదీ. మా రాముడి మందిరం పక్కన రేకుల హాలు ఉంది. ఊళ్లో మొదటి టీవీ అక్కడికే వచ్చింది. నేను బడికి వెళ్లే రోజుల్లో పెద్ద ఆట ఏది వచ్చినా అందరం ఆ హాలులో చాపలు పరుచుకుని చూసేవాళ్లం. తరవాత ఇంటింటికీ టీవీ వచ్చింది, గోడంత టీవీలు కూడా వచ్చాయి. అయినా ఆట ఉందంటే ఇంట్లో టీవీ ఆపేసి, ఫ్యాను ఆపేసి, తలుపు దగ్గరగా వేసి హాలుకే వచ్చేవాళ్లు. అది మర్యాద. ఎవరైనా ఇంట్లో ఉండిపోతే మర్నాడు దెప్పేవాళ్లు. మావ అయితే మొహం మీదే అనేసేవాడు: "ఆట ఇంట్లో ఒక్కడివీ సూస్తే సావింట్లో కూకున్నట్టుంటాది. దానికన్నా ఆట ఓడిపోడం నయం."

హాకీ ఆడడం వల్లే నాకు యూనివర్సిటీలో సీటు వచ్చింది. మావ నేర్పిన ఆటే. తరవాత లెక్కల చదువు, తరవాత కౌలాలంపూర్‌లో ఒక టీవీ సంస్థలో ఉద్యోగం. ఏ కార్యక్రమం ఏ ప్రాంతంలో ఎన్ని ఇళ్లలో చూస్తున్నారో లెక్కలు తీసి నివేదికలు రాయడం నా పని. పేరు చెబితే ఊళ్లోవాళ్లకి అర్థమయ్యేది కాదు. మావ తేల్చి చెప్పేవాడు: "మా మేనకోడలు టీవీ లోపట ఉంటాది. కనపడ్దు గానీ ఉంటాది."

ఇక ఆ చెడ్డమాటకి వస్తాను.

పడమటి తీరం కాలేజీలు ఎనిమిది కలిసి అమ్మాయిల హాకీ లీగ్ ఒకటి నడుపుకునేవి. చిన్న ఊళ్ల కాలేజీలు ఎక్కువ. మావ కాలేజీ మొదటినుంచీ అందులో ఉంది. ఆ లీగ్‌ని పెంచుదామని, కౌలాలంపూర్ చుట్టుపక్కల క్లాంగ్ లోయ నుంచీ, దక్షిణాన జొహోర్ నుంచీ పెద్ద కాలేజీలని చేర్చుకుందామని మాటలు మొదలయ్యాయి. పెద్ద నగరాల కాలేజీలుంటే నగరాలవాళ్లు టీవీ చూస్తారు, వాళ్లు చూస్తే ప్రకటనలొస్తాయి. మా సంస్థ ప్రసార హక్కులు కొంటానంది, కానీ ఒక షరతు పెట్టింది. వారానికి ఇన్ని ఆటలే చూపించగలం, కాబట్టి కొత్తవాళ్లు వస్తే పాతవాళ్లలో కొందరు తప్పుకోవాలి. ఎవరు తప్పుకోవాలో, పగలు ఆడిన ఆటల్ని సాయంత్రాలు టీవీలో వేసి, ఒక సీజన్ చూసి తేల్చుదామన్నారు. ఆ సీజన్ లెక్కలు తీసి నివేదిక రాసే పని నా బల్ల మీదికి వచ్చింది.

మీటింగులో గోడ మీద పటం వేశారు. ఊరు ఎంత పెద్ద టీవీ మార్కెట్ అయితే అంత పెద్ద గుండ్రం. కౌలాలంపూర్ గుండ్రం పక్క ఊళ్లని మింగేసింది. తెలుక్ ఇంటాన్ ఎక్కడుందని మా పై అధికారి అడిగితే లేచి వెళ్లి వేలు పెట్టి చూపించింది నేనే. నా గోరు కింద ఆ చుక్క కనపడకుండా పోయింది. అక్కడి కోచ్ మా మావ అని నేను అప్పుడు చెప్పలేదు. చెబితే పని నా చేతిలోంచి తీసేస్తారు, తీసేస్తే తెలియనివాళ్లు రాస్తారు, నేనుంటే న్యాయంగా రాస్తాను అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, ఉద్యోగంలో పేరు వస్తుందనుకున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ వారం మావకి ఫోన్ చేశాను. పేర్లేవీ చెప్పకుండా, "ఈ సీజన్ మన ఆటలు ఎంతమంది చూస్తారో లెక్కపెడతారంట మావా," అన్నాను.

"లెక్కెడతారా? తలలు లెక్కెడతారా?"

"అలాంటిదే."

"అయితే బయ్యం నేదు లా. మన కాడ తలలకేటి కరువు?"

అలాంటిదే అన్నాను. అది అలాంటిది కాదు. ఇంట్లో టీవీ కింద ఉండే పెట్టె ఆ టీవీ ఏ చానెల్ మీద ఉందో చెబుతుంది. ఎదురుగా ఎంతమంది కూర్చున్నారో చెప్పదు. ఒక ఇల్లు, ఒక పెట్టె, ఒక అంకె. పైగా హాళ్లు, కాఫీ కొట్లు, గుళ్లు ఇళ్ల కింద రావు. మా లెక్కలోకే రావు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఇది రహస్యమేమీ కాదు. కానీ నివేదిక రాసేదాన్ని నేనే, నా వాళ్లకి కిటుకు చెప్పినట్టు అవుతుందేమోనని ఆగాను. తరవాత చెబుదాంలే అనుకున్నాను కూడా.

మావ ఆగలేదు. మోటార్ సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగాడు. ఈ సీజన్ ఎవరూ ఇంట్లో చూడకూడదు, మన బలం చూపించాలి, అందరూ హాలుకే రావాలి అని చెప్పాడు. ఎప్పుడూ రానివాళ్లని కూడా బతిమాలాడు. పక్కనే కంపుంగ్ అనే మలయ్ పల్లెలోని కుటుంబాలని పిలిచాడు. కిరాణా కొట్టు చీనా ఆయన తన కొట్లో టీవీ ఆపేసి, పిల్లల్ని వెంటేసుకుని, ఒక పెట్టెడు సోయా పాలు పట్టుకుని వచ్చాడట. అత్త శనగలు తాలింపు వేసేది. మావ గుమ్మం దగ్గర నిలబడి తలలూ భుజాలూ ముట్టి లెక్కపెట్టి లోపలికి పంపేవాడు.

మొదటి ఆట సాయంత్రం నాకు ఫొటో పంపాడు. హాలు నిండా మొహాలు, టీవీ వెలుగు పడి నీలంగా. వెనక వరసలో కుర్చీల మీద నిలబడ్డవాళ్లు. కింద మావ మాట రికార్డు చేసి పెట్టాడు: "సూడమ్మీ! నూట పద్నాలుగు. సిన్నపిల్లల్ని కలపనేదు. రాసుకో."

మర్నాడు పొద్దున ఆ సాయంత్రపు అంకెలు నా తెర మీదికి వచ్చాయి. బాగన్ దాతుక్ వైపు గడి దాదాపు ఖాళీ. మామూలు రోజుల్లో అక్కడ అంతో ఇంతో ఉండేది. ఆ రోజు ఆట ఉన్న గంటన్నరా ఇళ్లన్నీ చీకటి. తెర మీద ఖాళీ గడి, చేతిలో ఫోను, ఫోనులో నూట పద్నాలుగు మంది. అంత నిండుగా ఉన్నవాళ్లు అంత ఖాళీగా కనపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

మావకి మెసేజ్ రాశాను: ఎవరి ఇంట్లో వాళ్లు చూడండి, హాలుకి రావద్దు. రాసి చెరిపేశాను. ఒక ఆట అయిపోయింది, ఇప్పుడు చెబితే ఆయన మొహం ఎలా అవుతుంది? నూట పద్నాలుగు మందికి ఏమని చెబుతాడు? ఇంకో ఆట చూద్దాం. ఇంకో ఆటకి నూట ముప్పై అయ్యారు. ఆయన గొంతులో ఆ సంతోషం నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. దాన్ని ఆర్పడం నా వల్ల కాలేదు. ఇంతకన్నా మంచి కారణం వెతికాను, దొరకలేదు.

నివేదికలో మాత్రం ఒక వాక్యం రాశాను. 'ఈ ప్రాంతంలో జనం సామూహికంగా ఒకే టీవీ దగ్గర చూసే అలవాటు ఉంది, దాన్ని ఈ లెక్క పట్టుకోదు' అని. పై అధికారి మర్యాదగానే అడిగాడు. "దీనికి అంకె ఉందా?" ఉంది. మావ చెయ్యి పెట్టి లెక్కపెట్టిన అంకె ఉంది. ఎవరు లెక్కపెట్టారని అడిగితే? లేదన్నాను. "అంకె లేనిదానికి పేజీలో చోటెందుకు?" అన్నాడు. ఆ వాక్యం నా చేత్తోనే తీసేశాను. మోకాళ్లు వంచాను.

లీగ్ పెరిగింది. కొత్త పేరు, కొత్త రంగులు, నగరాల కాలేజీలు వచ్చాయి. మావ కాలేజీకి ఒక ఉత్తరం వెళ్లింది. ఇన్నాళ్ల సహకారానికి కృతజ్ఞతలు, మీ ప్రాంతంలో ప్రేక్షకాదరణ పెరిగితే వచ్చే విడతలో మళ్లీ పరిశీలిస్తాం అని. ఆ చివరి వాక్యం అలాంటి ఉత్తరాలన్నిటిలోనూ ఉంటుంది. దాన్ని నమ్మే మనుషులు కూడా ఉంటారని రాసేవాళ్లకి తెలియదు.

మావ ఫోన్ చేశాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మనం సాల్లేదు అమ్మీ," అన్నాడు. "ఇంకా జనాల్ని తేవాల్సింది. నాదే తప్పు. ఆయిల్ పామ్ తోటవోళ్లని పిలవడం మరిసిపోనాను."

"అది కాదు మావా..."

"ఎంతమంది గావాల? అది సెప్పు సాలు. ఎంతమంది?"

లైను బాగోలేదన్నాను. లైను బాగానే ఉంది.

ఆట లేని కాలేజీలో జట్టు ఎన్నాళ్లుంటుంది? బాగా ఆడే ఇద్దరు పిల్లల్ని క్లాంగ్ వైపు కొత్త కాలేజీ ఒకటి తీసుకుపోయింది. మావే దగ్గరుండి బస్సు ఎక్కించాడు, తల ముట్టి. కొందరు చదువు మాత్రమే చాలనుకున్నారు. గోల్‌కీపర్ పిల్ల చదువు కూడా మానేసి తెలుక్ ఇంటాన్‌లో సూపర్ మార్కెట్‌లో చేరింది. గోలు దగ్గర నిలబడితే కాలేజీ ఫీజు లేకుండా చదువుకునేది ఆ పిల్ల. లీగ్ పోయాక ఆ రాయితీ పోయింది. నేను మీటింగులో గోరు పెట్టి చూపించిన చుక్కలో ఆ పిల్ల కూడా ఉందన్నమాట. మిగిలిన ఆరుగురితో మావ రోజూ సాధన చేయించేవాడు. పదకొండు మంది ఆడే ఆటకి ఆరుగురు.

కిందటి సెలవులకి వెళ్లాను, చెప్పేద్దామనే. మావ తోట గ్రౌండులో ఉన్నాడు. డబ్బాకి చిల్లు పెట్టి, సున్నంతో గీతలు వేస్తున్నాడు. ఆట లేదు, ఎవరూ రారు, గీతలు మాత్రం తిన్నగా ఉన్నాయి.

"పెద్దాఫీసరమ్మ వొచ్చినాది! బూట్లు తెచ్చినావా, ఒట్టికాళ్లతో వొచ్చినావా?"

"మావా, ఆ లెక్క ఉంది చూడు, ఆ టీవీ లెక్క... అది నువ్వనుకున్నట్టు కాదు."

డబ్బా కింద పెట్టాడు. చెయ్యి తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు, చాలాసేపు కాదు, కొంచెంసేపు. తరవాత నా తల మీద చెయ్యి పెట్టాడు. సున్నం అంటుకుంది.

"ఆ లెక్క నీకొగ్గీసినాను లా. లోపట నువ్వున్నావు కదా. నానెందుకు బుర్ర బద్దలుకొట్టుకోడం?"

మళ్లీ డబ్బా ఎత్తుకున్నాడు. నేను గీత పక్కనే నడిచాను. ఆయనకి తెలుసునా? తెలిసి, నా చేత చెప్పించకుండా ఆపాడా? తెలియక నన్ను నమ్మాడా? ఈ రెంటిలో ఏది నిజమైనా నాకు నిద్ర పట్టే నిజం కాదు.

మీకు ఒక మాట చెప్పాలి. వాళ్లంతా ఇళ్లలోనే చూసినా మావ కాలేజీ మిగిలేది కాదేమో. ఆ పటంలో గుండ్రాలు అంత పెద్దవి, మా చుక్క అంత చిన్నది. అంకెలు వేసి చూసుకున్నాను. బహుశా చాలేది కాదు. ఇది నాకు ఊరట కావాలి కదా. కాలేదు. ఓడిపోయే ఆటలో కూడా బంతి ఎటు వస్తోందో ముందుగా అరిచి చెప్పడం జట్టులో ఉన్నవాళ్ల పని. మావ నేర్పిందే అది. నేను అరవలేదు.

పెద్దకర్మ రోజున భోజనాలు ఆ హాలులోనే పెట్టారు. మధ్యాహ్నం దాటాక కొందరు వెళ్లిపోతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. విస్తళ్లు తీసి, నేల కడిగి, మూలనున్న కుర్చీలు తెచ్చి వరసలుగా వేయడం మొదలుపెట్టారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, కొత్తవి, కొన్నిటికి కవరు కూడా విప్పలేదు. ఏమిటని అత్తని అడిగాను.

"ఈ పొద్దు ఆట ఉంది కదమ్మీ. ఆరున్నరకి," అంది అత్త. "మన పిల్లలిద్దరూ ఆడతన్నారు, ఆ క్లాంగ్ కాలేజీకి. మీ మావ పోయే ముందు వారం ఇల్లిల్లూ తిరిగి పిలిసొచ్చినాడు. ఈ కుర్చీలు ఆయన తెచ్చినవే. ఆయన పిలిసినాక రాకుండా ఎలాగుంటారు?"

"మనం లీగులో లేము కదా అత్తా."

"మల్లీ సూస్తామని ఉత్తరంలో రాసినారు కదా. జనం పెరిగితే మల్లీ తీసుకుంటారంట. ఆయన అదే జపం."

సాయంత్రమయ్యేసరికి హాలు నిండిపోయింది. కిరాణా కొట్టు ఆయన సోయా పాలు తెచ్చాడు. గోల్‌కీపర్ పిల్ల సూపర్ మార్కెట్ చొక్కాతోనే వచ్చింది. మా పక్కింటి ముసలమ్మ ఆ పిల్లని చూసి, "ఏటే, గోలు కాడ నిలబడ్డం మానేసి ఉల్లిపాయలు తూస్తన్నావంట?" అంది. "ఉల్లిపాయలైతే ఎగిరి మూతి మీద పడవు మామ్మా," అంది ఆ పిల్ల. నలుగురూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వి, వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది.

హాలు చూసుకునే పెద్దాయన నన్ను రెండు మాటలు చెప్పమన్నాడు. లేచి నిలబడ్డాను. కొబ్బరి మట్ట కర్ర సంగతి చెప్పాను, కర్రపెండలం సంగతి చెప్పాను. అందరూ తలలూపారు. తరవాత చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చింది. ఇప్పుడే ఇళ్లకి వెళ్లండి, మీ మీ టీవీలు పెట్టండి, ఇక్కడ మీరు ఎంతమంది ఉన్నా లేనట్టే.

వెనకనుంచి ఎవరో అడిగారు. "నువ్వు టీవీ లోపలి దానివి కదమ్మా. ఈసారైనా మనం లెక్కలో పడతామా?"

"ఇళ్లలో..." అన్నాను. "ఇళ్లలో చూస్తే..."

"ఇంట్లో ఒక్కత్తినీ కూకుని ఏటి సూసేది?" అంది ముసలమ్మ. "సావింట్లోలాగ. మీ మావే అనేవోడు కదా."

అవును, అనేవాడే. ఆ మాట తప్పని చెప్పి ఆయన దగ్గరినుంచి నేను లాక్కోలేకపోయాను, ఆయన పోయిన పన్నెండో నాడు, ఆయన కుర్చీల మధ్య నిలబడి. పడతాం అన్నానో, చూద్దాం అన్నానో గుర్తులేదు. కూర్చున్నాను. ఇది చదివేవాళ్లలో ఆ హాలులోవాళ్లు ఎవరూ ఉండరు. ముసలివాళ్లకి చదువు లేదు, పిల్లలకి తెలుగు అక్షరాలు రావు. అందుకే కాబోలు ఇక్కడ రాయగలుగుతున్నాను.

ఆట మొదలయ్యే ముందు గుమ్మం దగ్గర ఎవరూ లేరని అందరికీ ఒక్కసారే తోచినట్టుంది. అప్పుడు గోల్‌కీపర్ పిల్ల లేచింది. మొదటి వరస నుంచి మొదలుపెట్టి, పిల్లలకి తలా, పెద్దవాళ్లకి భుజమూ ముట్టుకుంటూ లెక్కపెడుతూ వచ్చింది. నా దగ్గర ఆగింది. నన్ను ఎక్కడ ముట్టాలో తేల్చుకోలేక, చివరికి తల మీదే చెయ్యి పెట్టింది. పక్కన కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లింది.

నేను బయటికి వచ్చేశాను. పొద్దు వాలిపోతోంది. వెనక హాలులో ఎవరో గోలు వేసినట్టున్నారు, రేకులు అదిరేలా అరిచారు. ఎదురుగా లైను ఇళ్లు ఆ చివరిదాకా కనపడుతున్నాయి. గుమ్మాల ముందు చెప్పులు లేవు, తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. ఇల్లు తరవాత ఇల్లు కిటికీలు చూసుకుంటూ నడిచాను. మావ ఇంటి మెట్టు మీద బూట్లు రెండూ ఉన్నాయి, ఒకదానికి తాడు కట్టలేదు. ఏ కిటికీలోనూ నీలం వెలుగు లేదు.